అమ్మ ఆపరేషన్ గురించి

ఒరేయ్ శీనూ,

నువ్వు పంపిన అమ్మ స్కానింగ్ రిపోర్టు చూశాను. గాల్ బ్లాడర్‌లో, అంటే పసరు నిలవుండే తిత్తిలో, రాళ్లున్నాయి. ఏ బాధా పెట్టని రాళ్లయితే చాలామందికి అలాగే వదిలేస్తారు. అమ్మకి నొప్పి మొదలైంది కదా, ఇంక నాన్చొద్దు. రాయి జారి పసరు గొట్టంలో ఇరుక్కుంటే కామెర్లు వస్తాయి, పాంక్రియాస్ (క్లోమం) కూడా వాచిపోవచ్చు.

పెద్ద కోత లేకుండా, చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చూస్తూ గాల్ బ్లాడర్ తీస్తారంటే నమ్మొచ్చా అని అడిగావు. నిక్షేపంగా నమ్మొచ్చు. 1985లో జర్మనీలో ఎరిక్ మ్యూహే అనే సర్జన్ ఇలా తీసినప్పుడు అక్కడి సర్జన్లే ఆయన్ని తప్పుపట్టారు. మన దేశంలో 1990లో ముంబై జేజే ఆసుపత్రిలో డాక్టర్ తెహెమ్టన్ ఉద్వాడియా మొదలుపెట్టారు. ఇప్పుడు చాలామంది మర్నాడే ఇంటికెళ్లిపోతున్నారు.

భయపడాల్సింది ఒక్కటే, పసరు గొట్టానికి దెబ్బ తగలడం. వెయ్యి మందిలో ఇద్దరి నుంచి ఐదుగురికి అలా జరుగుతుంది. తక్కువే, కానీ జరిగితే మళ్లీ పెద్ద ఆపరేషన్, నెలల తరబడి అవస్థ. వాపు ఎక్కువగా ఉంటే కాలేయం నుంచి వచ్చే పెద్ద గొట్టమే గాల్ బ్లాడర్ గొట్టంలా కనిపిస్తుంది. అందుకే మంచి సర్జన్ చుట్టూ ఉన్న కొవ్వంతా శుభ్రం చేసి, గాల్ బ్లాడర్ కింది భాగాన్ని కాలేయం నుంచి విడదీసి, గాల్ బ్లాడర్‌లోకి వెళ్లేవి రెండే రెండని (ఒక గొట్టం, ఒక రక్తనాళం) కళ్లారా చూశాకే క్లిప్పు వేస్తాడు. అలా కనబడకపోతే కొంత భాగం వదిలేసి మిగతాది తీస్తాడు, లేదా పొట్ట కోసి చేస్తాడు. అప్పుడు మనవాళ్లు “ఆపరేషన్ ఫెయిలైందట” అని గోల చేస్తారు. కాదురా! అది అమ్మని కాపాడే నిర్ణయం. కాబట్టి డాక్టర్ గారిని ముందే అడుగు: “కష్టంగా ఉంటే ఏం చేస్తారండీ?” అని. ఈ ప్రశ్నకి విసుక్కోకుండా జవాబు చెప్పే డాక్టర్ దగ్గరే చేయించు.

తర్వాత భుజం నొప్పి అంటే కంగారుపడకు. లోపల చోటు కోసం ఆపరేషన్‌లో పొట్టలోకి ఎక్కించిన కార్బన్ డయాక్సైడ్ వల్ల వస్తుంది, రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. కొందరికి కొన్నాళ్లు విరేచనాలు పలచగా అవుతాయి. అమ్మకి ఎప్పట్నుంచో ఉన్న గ్యాస్, ఉబ్బరం మాత్రం దీంతో పోకపోవచ్చు, ఆ మాట ఆవిడకి ముందే చెప్పు.

కానీ జ్వరం, కళ్లు పచ్చబడటం, రోజురోజుకీ పెరిగే కడుపునొప్పి, ఆగని వాంతులు, వీటిలో ఏది కనిపించినా రేపు చూద్దాం అనుకోకు. వెంటనే అదే ఆసుపత్రికి తీసుకెళ్లు. తీసిన గాల్ బ్లాడర్‌ని బయాప్సీకి పంపారో లేదో కూడా అడుగు.

డేట్ ఇవ్వగానే ఫోన్ చెయ్యి. రాత్రి అమ్మ దగ్గర నేనుంటాను, పిల్లలతో మీ ఆవిడ ఇంట్లో ఉండొచ్చు.

నీ
రాజు