మంత్రిగారూ, ముందు ఆ సొరుగును సంచిలో పెట్టించండి

మ్యూజియంల బాధ్యత చూసే మాన్య మంత్రివర్యులకు నమస్కారాలు.

తాబేలు డిప్పలాంటి పెంకు కప్పుకుని ఆకులు తినే తాబేలు పెంకు పురుగుల టైప్ నమూనాల గురించి, అంటే జాతికి పేరు పెట్టినప్పుడు ఆ పేరుకు ఆధారంగా దాచిన అసలు పురుగుల గురించి, ఇది నాలుగో వినతి. మూడింటికీ ఒకటే జవాబు: "పరిశీలనలో ఉంది." నిజంగా పరిశీలిస్తున్నది ఎండు నమూనాల్ని తినే ఆంథ్రీనస్ పురుగు ఒక్కటే. సొరుగులోకి దూరి మరీ పరిశీలిస్తోంది.

స్వీడన్ కీటక శాస్త్రవేత్త బొహీమన్ 1850–1862 మధ్య పేర్లు పెట్టిన జాతుల టైపులు చాలావరకు స్టాక్‌హోమ్, లండన్‌లలో ఉన్నాయి. ఈ పురుగుల మీదే పనిచేసిన ఆస్ట్రియా నిపుణుడు స్పేత్ సేకరణ మాంచెస్టర్ చేరింది. వాటి సంగతి మిమ్మల్ని అడగం. మన దగ్గర మిగిలినవాటి గురించే ఈ మొర.

నమూనా కింద గోధుమరంగు పొడి రాలిందంటే లోపల ఆంథ్రీనస్ డింభకం (పిల్ల పురుగు) తింటోందని అర్థం. దానికి మ్యూజియంలో చేస్తున్న వైద్యం కలరా ఉండలు! ఆ వాసనకు కొత్తవి రావడం తగ్గుతుందేమో గానీ లోపలున్నవి చావవు. సొరుగును పాలిథిన్ సంచిలో బిగించి మైనస్ 30 డిగ్రీల్లో మూడు రోజులు, మైనస్ 18లో అయితే రెండు వారాలు ఉంచాలి. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా సంచి విప్పకూడదు. విప్పితే చెమ్మ నమూనా మీదే పడుతుంది.

ఇక నమూనాల్ని గుచ్చిన ఇత్తడి సూదులు. సూదిలోని రాగికి పురుగు ఒంట్లోని కొవ్వు తగిలి పచ్చటి చిలుము పుడుతుంది. సూది దిగేది కుడి రెక్క పెంకులోంచి కాబట్టి, చిలుము ఉబ్బేకొద్దీ ఆ పెంకు చీలిపోతుంది. ఈ పురుగుల్ని గుర్తుపట్టడానికి ముఖ్యమైనది చుట్టూ చూరులా పరుచుకున్న పల్చటి అంచు. ముందు విరిగేదీ అదే. విరిగిన ముక్కను జిలెటిన్ గొట్టంలో వేసి అదే సూదికి గుచ్చాలి. సొరుగు అడుగున దొర్లనిస్తే అది ఏ పురుగుదో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. చీటీ ఊడినా అంతే. చీటీ లేని టైపు ఉత్త ఎండు పురుగు.

"పాడైతే కొత్తది పట్టుకోండి" అని ఒక అధికారి సలహా. అయ్యా, జాతి పేరు ఆ పాత నమూనాకే కట్టి ఉంటుంది, కొత్తదానికి కాదు. పైగా బతికుండగా బంగారంలా మెరిసే జాతులు చచ్చాక, పెంకు పొరల్లో తడి ఆరి, మట్టిరంగుకు తిరుగుతాయి. చిలగడదుంప ఆకులు చిల్లులు పడ్డాయని రైతు తెచ్చిన పురుగు ఫలానా జాతి అని తేల్చాలంటే, 1919లో కీటక శాస్త్రవేత్త మౌలిక్ ఈ పురుగుల మీద రాసిన వర్ణనతోనే పని పూర్తికాదు. అనుమానం వస్తే చివరికి టైపునే చూడాలి.

జంతువుల శాస్త్రీయ పేర్లకు ఉన్న అంతర్జాతీయ నామకరణ నియమావళి టైపుల్ని విజ్ఞానశాస్త్రపు ఆస్తిగా చూడమంటుంది. భద్రపరచమని, జాబితా ప్రచురించమని, అడిగినవారికి చూపమని సంస్థలకు చెబుతుంది. మేం అప్పుగా కూడా అడగడం లేదు. పైనుంచి, పక్కనుంచి, కిందనుంచి ఫొటోలు, కొలబద్ద పెట్టి. సూదికున్న చీటీలన్నీ, రెండు వైపులా, ఉన్న వరుసలోనే. జాబితా ఒకటి. ఫొటోలైనా ఇప్పించండి. ఫొటోలకు కూడా పరిశీలనేనా?

1943లో కాశీలో వరుణా నది వరదకు భారత జంతుశాస్త్ర సర్వే సంస్థ నమూనాలు ఎన్నో పాడయ్యాయి. అప్పుడంటే నదిని తిట్టుకున్నాం. ఇప్పుడు ఎవర్ని తిట్టుకోమంటారు?

పొడి రాలిన సొరుగును ఈ వారమే సంచిలో పెట్టించండి. ఫైలు తర్వాత కదిపినా పర్లేదు.

భవదీయులు,
కీటక వర్గీకరణ పని చేసేవాళ్లం