లొంబార్డులను అలా తీసిపారేయొద్దు

అయ్యా,

మీ ఆదివారం అనుబంధంలో రోమ్ పతనం గురించిన వ్యాసం ఆసక్తిగా చదివాను. అయితే రోమ్‌ను దోచినవాళ్లలో లొంబార్డులనే జర్మానిక్ తెగనూ కలిపేశారు. 410లో ఆ పని చేసింది విసిగోత్‌లనే మరో జర్మానిక్ తెగ. లొంబార్డులు రోమ్‌ను ముట్టడించారే గానీ ఎన్నడూ పట్టుకోలేకపోయారు.

568లో తమ రాజు ఆల్బోయిన్ వెంట ఇటలీలోకి దిగినవాళ్లు సాధువులేం కాదు, ఊళ్లు దోచారు. కానీ అక్కడే స్థిరపడి, 774లో ఫ్రాంకుల రాజు షార్లమేన్ వాళ్ల రాజధాని పావియాను గెలిచేదాకా రెండు వందల ఏళ్లు రాజ్యం చేశారు.

643లో రోథారి రాజు లాటిన్‌లో రాయించిన చట్టం చూడండి. స్వతంత్రుడి పన్ను ఊడగొడితే, అది నవ్వినప్పుడు కనబడే పన్నయితే 16 బంగారు నాణేలు, దవడ పన్నయితే 8 కట్టాలి. (బానిస పంటికి అంత ధర లేదనుకోండి!) పరిహారాన్ని ఎందుకు పెంచాడో కూడా అందులోనే చెప్పాడు: సొమ్ము పుచ్చుకున్నాక పగ ఆగిపోవాలని. ‘అనాగరిక మూక’ అని మీ వ్యాసకర్త తేల్చేసింది వీళ్లనే.

ఉత్తర ఇటలీలో మిలాన్ ఉన్న లొంబార్డీ ప్రాంతానికి ఆ పేరు వీళ్లవల్లే వచ్చింది. మీరు వేసిన మ్యాపులో లొంబార్డీ ఉంది, వ్యాసంలో మాత్రం ఆ ముక్క లేదు.

ఇట్లు,
ఓ రిటైర్డ్ చరిత్ర టీచరు, తెనాలి