గన్నవరం నుంచి దేవనహళ్లికి

మారతహళ్లి, బెంగళూరు

చి.ల.సౌ. అమ్మలుకి, నాన్న ఆశీస్సులు.

బుజ్జిగాణ్ణి తీసుకుని ఒక్కదానివే విమానంలో వస్తానన్నావని అమ్మ చెప్పింది. చాలా సంతోషం. కానీ "గంట ప్రయాణమే కదా, వాడికి కడుపునిండా పాలు పట్టి ఎక్కేస్తా" అన్నావట. అందుకే ఈ ఉత్తరం.

గన్నవరం నుంచి దేవనహళ్లికి, అంటే మీ విజయవాడ ఎయిర్‌పోర్టు నుంచి మా బెంగళూరు ఎయిర్‌పోర్టుకి, ఆకాశంలో తిన్నగా కొలిస్తే దాదాపు 500 కిలోమీటర్లు. రోడ్డు మీదైతే 650 దాకా అవుతుంది. గంటకు 800 కిలోమీటర్లు పోయే జెట్‌కి ఆ దూరం లెక్కప్రకారం 40 నిమిషాలు కూడా కాదు. అయినా టికెట్ మీద గంటకు పైనే వేస్తారు. విమానం అక్కడ కదిలిన దగ్గర్నుంచి ఇక్కడికొచ్చి ఆగేదాకా పట్టే టైమ్ అది. రన్‌వే దాకా మెల్లగా వెళ్లడం, పైకెక్కడం, దిగడం అన్నీ అందులోవే. ఆ 800 వేగం ఉండేది మధ్యలో కాసేపే. ఏటీఆర్ అయితే, అదే రెక్కలకు ఫ్యాన్లు తిరిగే చిన్న విమానం, గంటకు 500 చొప్పునే పోతుంది కాబట్టి ఇంకో పావుగంట కలుపుకో. దాంట్లో తలపైన అరలు కూడా చిన్నవి. బుక్ చేసేటప్పుడు ఏ విమానమో చూసి, దొరికితే జెట్‌లోనే తీసుకో తల్లీ.

నాకు బెంగంతా వాడి చెవుల గురించే. బెంగళూరు ఇంకా 180 కిలోమీటర్లు ఉందనగానే జెట్ దిగడం మొదలుపెడుతుంది. నేల తాకడానికి ఇరవై, పాతిక నిమిషాల ముందన్నమాట. లోపల గాలి ఒత్తిడి పెరిగేది అప్పుడే. మనం గుటక వేసి సర్దుకుంటాం, పసివాడికి అది తెలీదు, గుక్కపట్టి ఏడుస్తాడు. అందుకే ముందే కడుపునిండా పట్టేయకు. ఎక్కేటప్పుడు నాలుగు గుక్కలు, మిగతావి దిగేటప్పుడు. నిద్రపోతున్నా సరే, లేపి, తల కాస్త ఎత్తి పెట్టుకుని సీసా నోటికి అందించు. చప్పరిస్తూ ఉంటే చెవులు వాటంతటవే తెరుచుకుంటాయి. సీటు బెల్టు లైటు వెలిగేదాకా ఆగకుండా, టికెట్ మీది టైమ్ చూసుకుని సీసా చేతికందేలా పెట్టుకో.

ఇక మీ గుమ్మం దాటింది మొదలు మా గుమ్మం తొక్కేదాకా ఆరు గంటలు వేసుకో. గన్నవరంలో రెండు గంటల ముందు ఉండాలి. ఇక్కడ దిగాక సామాను, ఆపైన ఇంటికొచ్చే దారిలో హెబ్బాళ దగ్గర ట్రాఫిక్. సాయంత్రమైతే అక్కడే ప్రాణం విసుగెత్తిపోతుంది. పాలు, డైపర్లు ఆ ఆరు గంటలకూ సరిపడా సర్దు. వాడి బర్త్ సర్టిఫికెట్ మర్చిపోకు, ఒళ్లో కూర్చోబెట్టుకునే పిల్లలకు వయసు చూపించాలి.

డిసెంబరు కాబట్టి తెల్లవారుజాము ఫ్లైట్ వద్దు. పొగమంచు ఇక్కడా అక్కడా ఉంటుంది, వాణ్ణి ఎత్తుకుని గంటలకొద్దీ కూర్చోలేవు. పది దాటాక బయల్దేరేది చూడు.

టికెట్ తీయగానే ఫ్లైట్ నంబరు, టెర్మినల్ పంపించు. ఇక్కడ రెండు టెర్మినళ్లు, నేను ఎక్కడ నిలబడాలో తెలియాలి. అల్లుడుగారిని అడిగానని చెప్పు.

మీ నాన్న