ఇకపై పీఎల్ 10 కాదు, పావు గ్రాము పిల్ల: మా నర్సరీలో మార్పులు, మీ చెరువులో చేయాల్సిన పనులు

రైతులందరికీ నమస్కారం. వచ్చే బుకింగుల నుంచి వనామీ రొయ్య పీఎల్ 10, పీఎల్ 12 (పోస్ట్ లార్వా, అంటే ఆ దశకు వచ్చి 10, 12 రోజులైన చిన్న పిల్ల) నేరుగా ఇవ్వడం ఆపేస్తున్నాం. హేచరీ నుంచి తెచ్చిన పిల్లను మూడు వారాలు మా ట్యాంకుల్లో పెంచి, పావు గ్రాము దాటాకే మీ చెరువుకు పంపుతాం. దీనివల్ల మీకు పిల్ల మూడు వారాలు ఆలస్యంగా అందుతుంది. ఒక్కో ట్రిప్పుకు వచ్చే పిల్ల సంఖ్య బాగా తగ్గుతుంది, రేటు పెరుగుతుంది. ఇంత ఇబ్బంది ఎందుకు పెడుతున్నామో, ఇందులో దేనికి హామీ ఇవ్వగలమో, దేనికి ఇవ్వలేమో విడమర్చి చెప్పాలి కదా, అందుకే ఈ ఉత్తరం.

అసలు కారణం ఈహెచ్‌పీ. 2009లో థాయిలాండ్‌లో టైగర్ రొయ్యలో గుర్తించి పేరు పెట్టిన సూక్ష్మజీవి ఇది. మనం లివర్ అనే హెపటోపాంక్రియాస్ కణాల్లో చేరుతుంది. మామూలుగా రొయ్యను చంపదు, ఎదగనివ్వదు. వైట్ స్పాట్ (తెల్లమచ్చల వైరస్ జబ్బు) వస్తే రోజుల్లో తెలిసిపోతుంది. ఇది అలా కాదు, చెక్ ట్రే (మేత తింటున్నాయో లేదో చూసే పళ్లెం) ఖాళీ అవుతూనే ఉంటుంది, కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలనే లెక్క) మాత్రం కదలదు. 40, 50 రోజుల మేత ఖర్చయ్యాక గానీ అనుమానం రాదు. పోనీ మందు వేద్దామంటే, నమ్మదగ్గ మందు లేదు. రాకుండా చూసుకోవడం ఒక్కటే దారి.

మరి పీసీఆర్ (సూక్ష్మజీవి జన్యు పదార్థాన్ని వెతికే ల్యాబు పరీక్ష) నెగెటివ్ సర్టిఫికెట్ ఉంటుందిగా అంటారు. ఆ కాగితం ఎంతవరకు చెబుతుందో లెక్క చూడండి. మామూలుగా ఒక లాట్ నుంచి 150 పిల్లలు తీస్తారు. లాట్‌లో 2 శాతం పిల్లకు జబ్బు ఉంటే, ఆ 150లో కనీసం ఒకటైనా పడే అవకాశం 95 శాతం. అదే అర శాతం పిల్లకే ఉంటే ఆ అవకాశం 53 శాతానికి దిగిపోతుంది. అంటే 100 సార్లలో 47 సార్లు జబ్బు లాట్ నెగెటివ్‌గానే బయటికొస్తుంది. 10 లక్షల లాట్‌లో అర శాతమంటే 5,000 పిల్లలు. ఈహెచ్‌పీ ఒక రొయ్య నుంచి ఇంకో రొయ్యకు రెట్ట ద్వారా, చచ్చిన పిల్లను తినడం ద్వారా పాకుతుంది, మధ్యలో వేరే జీవి అక్కర్లేదు. అందుకని ఆ 5,000 చాలు చెరువంతా పట్టడానికి. ల్యాబు తప్పు చేయకపోయినా జరిగేది ఇది.

నర్సరీ ఇక్కడే పనికొస్తుంది. దిగిన రోజు ఒకసారి, 18వ రోజు ఇంకోసారి పరీక్ష. మొదటి పరీక్షలో దొరకనంత తక్కువగా ఉన్నది ఈ 18 రోజుల్లో ట్యాంకులో పాకి, రెండోసారి దొరికే స్థాయికి వస్తుంది. పైగా రెండోసారి శాంపిల్ ఎక్కడపడితే అక్కడ ముంచి తీయం. కావాలనే చిన్నవి, నీరసంగా ఉన్నవి, పేగు ఖాళీగా ఉన్నవి ఏరి పంపుతాం. జబ్బు దాక్కునే చోట వెతకాలి కదా. ట్యాంకు అడుగు మడ్డినీ విడిగా పంపుతాం. పాజిటివ్ వస్తే ఆ ట్యాంకు పిల్ల ఎవరికీ వెళ్లదు, మీ బుకింగ్ తర్వాతి బ్యాచ్‌కు మారుతుంది. పరీక్ష మేం చేసుకోం, బయటి ల్యాబుతో ఒప్పందం పెట్టుకున్నాం. రిపోర్టు మాకూ మీకూ ఒకేసారి వస్తుంది, మా చేతి మీదుగా రాదు. ఈ షరతు ఒప్పందంలో మేం అడిగి రాయించుకున్నదే. పిల్ల అమ్మేవాడే పిల్లకు సర్టిఫికెట్ ఇవ్వడం సరైన పద్ధతి కాదని మా నమ్మకం.

ట్యాంకు లోపలి సంగతి కూడా తెలిస్తే మంచిది. ఒక క్యూబిక్ మీటరుకు 2,000 పిల్ల వేస్తాం. 100 క్యూబిక్ మీటర్ల ట్యాంకులో 2 లక్షలు. పావు గ్రాముకు వచ్చేసరికి 50 కిలోల బరువు, రోజుకు 8 శాతం చొప్పున 4 కిలోల మేత. 40 శాతం ప్రోటీన్ ఉన్న మేత కిలోలో 64 గ్రాముల నత్రజని ఉంటుంది. అందులో పావు వంతే పిల్ల ఒంట పడుతుందనుకుంటే, మిగిలిన 190 గ్రాములు నీళ్లలోకే. ట్యాంకు లెక్కన రోజుకు దాదాపు 2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాములు) అమ్మోనియా. పాత పద్ధతిలో దీనికి విరుగుడు నీళ్లు మార్చడం. మార్చిన ప్రతిసారీ బయటి నీళ్లతో పాటు బయటి జబ్బూ లోపలికి వస్తుంది, మన మురుగు వెళ్లి కాలువలో పడుతుంది. అందుకే నీళ్లు మార్చడం మానేసి, అమ్మోనియాను ట్యాంకులోనే బ్యాక్టీరియా గుంపులతో కట్టేసే బయోఫ్లాక్‌కు వచ్చాం.

మొదటి పది రోజులు బెల్లపు మడ్డి మీద నడుపుతాం. ఒక గ్రాము అమ్మోనియా నత్రజనిని బ్యాక్టీరియా కట్టేయాలంటే 15 గ్రాముల పిండిపదార్థం, 4.7 గ్రాముల ఆక్సిజన్ కావాలి. చాలామంది మొదటి సంఖ్య గుర్తుపెట్టుకుని రెండోదాన్ని మర్చిపోతారు. రోజు మడ్డి మొత్తం సాయంత్రం ఒక్కసారే పోస్తే తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయేది అందుకే. మేం మడ్డిని నాలుగు భాగాలు చేసి, పలచగా కలిపి, పగటిపూటే పోస్తాం. పది రోజుల తర్వాత మడ్డి తగ్గిస్తూ నైట్రిఫై చేసే (అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రేటుగా మార్చే) బ్యాక్టీరియాకు పని అప్పగిస్తాం. ఇవి గ్రాము నత్రజనికి 7 గ్రాముల ఆల్కలినిటీ (నీళ్ల పీహెచ్ పడిపోకుండా ఆపే గుణం) తినేస్తాయి. అందుకని రోజూ కొలిచి 150 పీపీఎం కంటే దిగకుండా వంటసోడా వేస్తాం. 100 క్యూబిక్ మీటర్లలో 20 పీపీఎం పెంచడానికి 3.4 కిలోలు పడుతుంది. ఫ్లాక్‌ను లీటరు కోన్‌లో 20 నిమిషాలు నిలబెట్టి చూస్తాం. అడుగున దిగిన ఫ్లాక్ (బ్యాక్టీరియా గుంపులు) 15 మిల్లీలీటర్లు దాటితే ట్యాంకు నుంచి కొంత ఫ్లాక్ తీసేస్తాం. చిక్కగా ఉంటే మేలనుకోవడం పొరపాటు. చిక్కబడితే పిల్ల మొప్పల్లో పేరుకుంటుంది.

నైట్రైట్ దగ్గర మాకు ఇంకా తలనొప్పి ఉంది. దాన్ని నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియా కొత్త ట్యాంకులో ఆలస్యంగా స్థిరపడుతుంది. ఉప్పు శాతం ఎక్కువున్న నీళ్లలో క్లోరైడ్ అడ్డుపడుతుంది కాబట్టి పిల్ల తట్టుకుంటుంది. తక్కువ ఉప్పు నీళ్లలో అంతే నైట్రైట్ ప్రమాదం. దీనికి మంచి ఉపాయం పాత ట్యాంకు నీళ్లు ఐదో వంతు కొత్త ట్యాంకులో కలపడం. బ్యాక్టీరియా సిద్ధంగా దొరుకుతుంది, నీళ్లూ ఆదా. కానీ జబ్బూ అదే దారిన వస్తుంది. అందుకని పిల్ల రెండుసార్లూ, అడుగు మడ్డి కూడా నెగెటివ్ వచ్చిన ట్యాంకు నీళ్లే మళ్లీ వాడతాం. ఏమాత్రం అనుమానమున్నా క్లోరిన్ పట్టించి, ఆ ట్యాంకు మొదటి నుంచి మొదలుపెడతాం. అలాంటప్పుడు బ్యాచ్ వారం వెనక్కి పోతుంది. ఆ ఆలస్యానికి మమ్మల్ని ఒత్తిడి చేయొద్దని మనవి.

యాంటీబయాటిక్ ఏ దశలోనూ వాడం. ప్రోబయాటిక్ వాడతాం, అయితే అది జబ్బు నయం చేస్తుందని మీకు చెప్పం.

సైజు తేడా ఇంకో సమస్య. ఒకే వయసు పిల్లలో కొన్ని ముందుకు పోతాయి, కొన్ని వెనకబడతాయి. మేత ఒక మూలే పడితే, లేదా రోజుకు రెండు మూడుసార్లే వేస్తే, బలమైనవే తింటాయి. ఇప్పుడు ఆటో ఫీడరుతో రెండు గంటలకోసారి ట్యాంకు అంతటా వేస్తున్నాం. పంపేముందు 100 పిల్లలను ఒక్కోటీ తూచి, తేడా 30 శాతం దాటితే జాలీతో గ్రేడ్ చేసి పంపుతాం.

ఇక మీ వైపు పని. శుభ్రమైన పిల్లను పాత మట్టిలో వేస్తే మూడు వారాల శ్రమ మూడు రోజుల్లో పోతుంది. ఈహెచ్‌పీ బీజాలు చెరువు అడుగున ఉండిపోతాయి. కిందటి పంటలో అనుమానం ఉంటే ఎకరాకు 2.4 టన్నుల కాల్చిన సున్నం వేయాలి. వ్యవసాయ సున్నం కాదు, దానితో మట్టి పీహెచ్ అంత పైకి లేవదు. బస్తా విప్పి గాలికి వదిలేసిన సున్నం కూడా పనికిరాదు. పరీక్ష సులువు: ఇనుప డబ్బాలో గుప్పెడు సున్నం వేసి కొద్దిగా నీళ్లు పోయండి. బుసబుసలాడి, ఆవిరొచ్చి, డబ్బా చెయ్యి పెట్టలేనంత కాలాలి. చల్లగా పేస్టులా అయిపోతే బస్తా వెనక్కి పంపండి. కళ్లకు అద్దాలు, చేతులకు గ్లవుజులు తప్పనిసరి. మడ్డి ముందే తీసేసి, సున్నం చల్లి, 10 నుంచి 12 సెంటీమీటర్ల లోతు దున్ని, మట్టిని తడపాలి. పొడి మట్టి మీద చల్లి వదిలేస్తే తెల్లగా కనిపిస్తుందే తప్ప బీజాలకు తగలదు. తడిపాక మట్టి పీహెచ్ 12కు చేరిందో లేదో కొలవండి. వారం అలా వదిలి, తర్వాత ఎండబెట్టి నీళ్లు పెట్టండి.

పిల్ల దిగడానికి పది రోజుల ముందు మీ నీళ్ల ఉప్పు శాతం, ఉదయం సాయంత్రం పీహెచ్, ఆల్కలినిటీ, పొటాషియం, మెగ్నీషియం మాకు పంపాలి. పిల్లను మీ నీళ్లకు మా ట్యాంకులోనే అలవాటు చేస్తాం: 5 పీపీటీ (లీటరుకు 5 గ్రాముల ఉప్పు) వరకు రోజుకు 3 చొప్పున, అక్కడి నుంచి రోజుకు 1 చొప్పున దింపుతాం. 20 నుంచి 4కు రావాలంటే ఆరు రోజులు. చెరువు గట్టు మీద అరగంటలో చేసే పని కాదిది.

బోరు నీళ్ల రైతులు పొటాషియం విషయం తేలిగ్గా తీసుకోవద్దు. ఉప్పు శాతాన్ని (పీపీటీలో) 10.7తో గుణిస్తే సముద్రపు నిష్పత్తిలో ఉండాల్సిన పొటాషియం వస్తుంది, మెగ్నీషియానికి 39. 4 పీపీటీ నీళ్లకు 43 పీపీఎం పొటాషియం కావాలి. మీ నీళ్లలో 15 ఉందనుకోండి, 28 తక్కువ. ఎకరా చెరువు, 1.2 మీటర్ల లోతుకు దాదాపు 4,850 క్యూబిక్ మీటర్ల నీళ్లు. దానికి, బరువులో సగం పొటాషియం ఉండే మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ 270 కిలోలు పడుతుంది. రెండు మూడు దఫాలుగా, నీళ్లలో కరిగించి, ఏరేటర్లు తిరుగుతుండగా వేయండి. ఇది లేకపోతే పిల్ల గుల్ల విడిచాక గట్టిపడదు, నడుము వంగి బిగుసుకుపోతుంది. నింద సీడ్ మీద పడుతుంది.

డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) మీటరున్నవాళ్లు అందులో ఉప్పు శాతం సెట్ చేసుకోండి. 20 పీపీటీ నీళ్లలో మంచినీళ్ల సెట్టింగు మీద పెడితే అసలు కంటే పదో వంతు ఎక్కువ చూపిస్తుంది. ప్రోబు మీద జిగురు పేరుకున్నా రీడింగు నమ్మలేం. వారానికి రెండుసార్లు మెత్తటి గుడ్డతో తుడవండి.

ఒకే కాలువ మీద ఉన్న చెరువులకు ఒకే వారంలో పిల్ల ఇస్తాం. ఒకరు నీళ్లు పెట్టుకుంటుంటే ఇంకొకరు పంట తీసి నీళ్లు వదలడం వల్లే జబ్బులు తిరుగుతుంటాయి. వైట్ స్పాట్ కనిపిస్తే తూము తెరవకండి. క్లోరిన్ పట్టించి కనీసం వారం నీళ్లు ఆపండి, పక్క రైతులకు ఆ రోజే చెప్పండి. వారానికోసారి సగటు బరువు, వేసిన మేత, తెల్లవారుజాము డీవో మాకు పంపితే, ఏ బ్యాచ్ ఎలా నడుస్తోందో కాలువ మొత్తానికి కలిపి మీ అందరికీ పంపుతాం. పేర్లు ఉండవు.

పిల్ల ఈసారి ప్లాస్టిక్ కవర్లలో రాదు. ఈ సైజులో ముక్కు ముల్లు కవరును పొడిచేస్తుంది. ఆక్సిజన్ ట్యాంకుల్లో తెస్తాం, చల్లటి పూట మాత్రమే. మూడు రోజుల మేత మేమే ఇస్తాం, మొదటి రోజు సగమే వేయండి. దించేటప్పుడు 100 పిల్లలను లెక్కపెట్టి చెరువులోనే హాపా వలలో (సన్న కన్నుల వల పంజరంలో) వేసి, 48 గంటల తర్వాత మళ్లీ లెక్కపెట్టండి. 90 కంటే తక్కువుంటే నీళ్లలో ఏమీ వేయకుండా ముందు మాకు ఫోన్ చేయండి. చచ్చి తెల్లబడిన పిల్ల పరీక్షకు పనికిరాదు. నీరసంగా కదులుతున్నవి ఇరవై ఏరి, మేం పిల్లతో పాటు ఇచ్చే 95 శాతం ఇథనాల్ సీసాలో వేసి, తేదీ, చెరువు నంబరు రాసి ఉంచండి.