సొంత విమానమా, కిరాయి విమానమా: డాలస్ నుంచి బావగారికి

బావగారికి నమస్కారాలు. ఇక్కడ అందరం కులాసా. అక్కయ్య మోకాలి నొప్పి తగ్గిందా?

మొన్న ఫోన్లో "లైసెన్సు వచ్చిందిగా, ఇంక విమానం ఎప్పుడు కొంటున్నావోయ్" అని ఎగతాళి చేశారు. నేను నిజంగానే లెక్కలు వేస్తున్నాను. వరికోత మిషన్ని గంటల చొప్పున కిరాయికి తిప్పే మీకు ఇది నాకంటే బాగా తెలిసిన బేరం.

గ్రీన్‌కార్డు రాకముందు ఈ ఆలోచనే లేదు. పౌరులకో, శాశ్వత నివాసులకో తప్ప ఇక్కడ విమానాన్ని మనిషి పేరు మీద రిజిస్టర్ చేయరు.

నేను నడిపేది సెస్నా 172. ఒకే ఇంజను, నాలుగు సీట్లు. ఫ్లయింగ్ స్కూలు వాళ్లు గంటకు 170 డాలర్లు కిరాయి తీసుకుంటారు, పెట్రోలు వాళ్లదే. ఇంజను తిరిగినంతసేపూ మీటరు కదులుతుంది, రన్‌వే ముందు వరుసలో ఆగి ఉన్నా సరే. అది చూస్తుంటే ఆకాశం కంటే మీటరు టెన్షనే ఎక్కువ.

అసలు తంటా రాత్రి బస చేస్తేనే. హ్యూస్టన్ దగ్గర పేర్‌ల్యాండ్‌లో మీనాక్షి గుడి ఉంది. రానూపోనూ నాలుగున్నర గంటలు. కానీ ఒక రాత్రి ఉంటే రోజుకు కనీసం మూడు గంటల లెక్కన రెండు రోజులకు ఆరు గంటల కిరాయి కట్టాలి. వాళ్ల తప్పూ లేదు, విమానం అక్కడ ఖాళీగా నిలబడితే ఇక్కడ ఇంకొకరికి ఇవ్వలేరు కదా.

ఇక సొంతం. నాకు అందే ధరలో ఉన్నవి 1970ల నాటివి, 90,000 డాలర్ల దాకా చెబుతున్నారు. డాలస్‌లో వడగళ్లు పడితే రెక్కలు సొట్టలు పోతాయి, కాబట్టి షెడ్డు తప్పదు, నెలకు 500. ఇన్సూరెన్సు 1,800. ఏడాదికోసారి మెకానిక్ విప్పి చూసి సంతకం పెడితేగాని ఎగరనివ్వరు, దానికి 2,500. ఏమీ బయటపడకపోతేనే సుమా! అంటే గాల్లోకి లేవకుండానే ఏడాదికి 10,300. ఎగిరితే గంటకు ముప్పై లీటర్ల పైనే పెట్రోలు తాగుతుంది. రెండు వేల గంటలకు ఇంజను పూర్తిగా విప్పి కొత్తగా కట్టించాలని కంపెనీ మాట, దానికీ గంటగంటకూ కొంత పక్కన పెట్టాలి. ఈ ఎగిరే ఖర్చులన్నీ కలిపి గంటకు 85 అనుకుందాం.

కిరాయికీ దీనికీ గంటకు 85 తేడా. ఆ 10,300 రాబట్టాలంటే ఏడాదికి 120 గంటల పైనే ఎగరాలి. నేను ఎగిరేది 50 గంటలు, అదీ సెలవులు కలిసొస్తే. పెట్టుబడికి వడ్డీ ఇంకా కలపనేలేదు.

ఇంకోటి. ఈ ఇంజన్లలో క్యామ్‌షాఫ్ట్, అంటే వాల్వులను తెరిపించే కడ్డీ, పైభాగాన ఉంటుంది. వారాల తరబడి తిప్పకపోతే నూనె కిందికి జారిపోయి దానికి తుప్పు పడుతుంది. పక్క షెడ్డు పెద్దాయన విమానాన్ని బిడ్డలా తుడుస్తాడు, ఎగరడు. ఈ ఏడాది తనిఖీలో విప్పితే అదే బయటపడింది. బిల్లు ఎంతని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ఆఫీసులో ఇద్దరు మూడో వాటాకి రమ్మంటున్నారు. స్థిరఖర్చు మూడు ముక్కలైతే నా 50 గంటలకూ కిరాయి కంటే ఏడాదికి ఎనిమిది వందల పైనే తక్కువ పడుతుంది. అయితే 30,000 ఇరుక్కుంటుంది. ఇంజను పోయిన రోజు ముగ్గురూ డబ్బు తీస్తారా అన్నది కాగితం మీద ముందే రాసుకోవాలి. మీరూ మీ తమ్ముడూ ట్రాక్టరు దగ్గర ఏం చేశారో వివరంగా రాయండి. అప్పటిదాకా నాది కిరాయి విమానమే.

వేసవిలో మీరిద్దరూ వస్తే గుడికి అందులోనే తీసుకెళ్తాను. నాలుగు సీట్లున్నా ట్యాంకులు నిండా పోస్తే నలుగురు పెద్దవాళ్లు సామానుతో ఎక్కడం కుదరదు, కిలోలు లెక్కకట్టి మరీ బయల్దేరాలి. కాబట్టి మీ ఇద్దరి బరువులూ రాసి పంపండి. అక్కయ్య బరువు మాత్రం కాటా మీద చూసి మీరే రాయండి.

ఇట్లు
మీ బావమరిది