ఇరవై ఒకటికి ‘టీహెచ్’, పన్నెండుకు ‘ఎన్‌డీ’

సంపాదకుల వారికి నమస్కారములు.

ఈ మధ్య మా మనుమడి బారసాలకు అచ్చు వేయించిన ఆహ్వానపత్రికలో తెలుగున ‘21వ రోజు’ అని, మరాఠీలో ‘ఏకవిసావా దివస్’ అని సరిగానే పడి, కింది ఇంగ్లిషు వరుసలో మాత్రం 21 పక్కన ‘టీహెచ్’ అని పడింది. పత్రికలన్నీ పంచిన తరువాత గాని అది నా కంట పడలేదు. అదే వారంలో పొరుగునున్న మరాఠీ కుటుంబం వారు తమ పాప బార్సేకు పిలుస్తూ ఇచ్చిన పత్రికలో 12 పక్కన ‘ఎన్‌డీ’ అని ఉంది. (వారికి నామకరణం పన్నెండవ రోజున, బార్సే అన్న పేరులోనే ‘బారా’, అంటే పన్నెండు, ఉంది.) రెండూ ఒకే దుకాణంలో అచ్చయినవి. అక్కడి కుర్రవాణ్ణి అడిగితే, “మీవాళ్లు రాసిచ్చిందే కొట్టాను సార్” అంటూ కాగితం తీసి చూపించాడు. ఆ దస్తూరీ మా పెద్దబ్బాయిది. బడిలో ఏళ్ల తరబడి ఇంగ్లిషు చెప్పిన నేను ఇక ఆ కుర్రవాణ్ణి ఏమనగలను?

ఒకచోట ‘ఎస్‌టీ’ ఉండవలసింది పోయి ‘టీహెచ్’ వచ్చింది, మరొకచోట ‘టీహెచ్’ ఉండవలసింది పోయి ‘ఎన్‌డీ’ వచ్చింది. చూడడానికి ఎదురుబొదురు తప్పులే అయినా రెండింటి మూలం ఒక్కటే. ఒకటికి ఎస్‌టీ, రెండుకు ఎన్‌డీ, మూడుకు ఆర్‌డీ, తక్కినవాటికి టీహెచ్ అని పిల్లల చేత ఎక్కంలా వల్లె వేయిస్తాము గాని, ఆ అక్షరాలు ఎక్కడివో చెప్పము. అవి అంకెకు అతికించడానికి వేరుగా పుట్టిన గుర్తులు కావు, పలికే మాటలోని చివరి రెండక్షరాలు మాత్రమే. ఫస్ట్ అన్న మాట చివర ఎస్, టీ ఉన్నాయి, సెకండ్ చివర ఎన్, డీ ఉన్నాయి, థర్డ్ చివర ఆర్, డీ ఉన్నాయి. ఇరవై ఒకటిని ‘ట్వెంటీ ఫస్ట్’ అని ఒకసారి పైకి పలికినవాడు దాని పక్కన టీహెచ్ పెట్టలేడు. పన్నెండును ‘ట్వెల్ఫ్త్’ అని పలికినవాడికి ఎన్‌డీ తోచదు. ఇరవై ఒకటి రెండు మాటల కలయిక గనుక అందులో కడపటి మాటే మారుతుంది. పదకొండు, పన్నెండు, పదమూడు ఇంగ్లిషులో ఒక్కొక్కటీ ఒకే మాట గనుక, చివరి అంకె 1, 2, 3 అయినా, వాటికి టీహెచ్ తప్ప వేరొకటి రాదు. 111, 112, 113లకూ ఇదే వరస.

మహారాష్ట్రలోని మా సిరోంచ ప్రాంతపు పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ మాట్లాడతారు కాబట్టి వారికి ఇది నిజానికి తేలిక కావాలి. తెలుగులో ‘మొదటి’ ఒక్కటే దారి తప్పుతుంది, రెండు నుంచి అన్నింటికీ ‘వ’ చేరుతుంది. మరాఠీలో పహిలా, దుసరా, తిసరా, చౌథా అని నాలుగు గడిచాక గాని పాచవా అన్న దగ్గర వరస కుదరదు. ఇంగ్లిషులో ఇలా దారి తప్పేవి మూడు. మన తిథులలో కూడా విదియ, తదియ, చవితి సంస్కృతపు ద్వితీయ, తృతీయ, చతుర్థుల నుంచి వచ్చినవే అయినా, పాడ్యమికి ప్రథమతో పొత్తు లేదు, అది ‘ప్రతిపత్తు’ నుంచి వచ్చింది. ఇంగ్లిషు ‘సెకండ్’ కూడా ఇలాంటిదే. అది ఫ్రెంచి ద్వారా లాటిను నుంచి దిగిన మాట, అంతకు ముందు ఆ చోట ‘అదర్’ అన్న మాటే ఉండేది. ఈ సంగతి ఒక్కసారి చెబితే, రెండుకు ‘టూత్’ ఎందుకు కాదని అడిగే పిల్లవాడికి జవాబు దొరుకుతుంది. (మరొక చోట మనమే మెరుగు. ‘మీవాడు ఎన్నోవాడు?’ అని మనమూ, ‘కితవా?’ అని మరాఠీవారూ ఒక్క మాటలో అడిగే ప్రశ్నకు ఇంగ్లిషులో సరియైన మాటే లేదు.)

అక్షరాలలో రాసేటప్పుడు జరిగే పొరపాట్లు వేరు. ‘నైన్’ చివరి ‘ఈ’ని ‘నైన్త్’లో తీసివేయాలి. ‘ఎయిట్’ చివర టీ ముందే ఉంది గనుక హెచ్ ఒక్కటి చేరిస్తే చాలు. ‘ఫైవ్’, ‘ట్వెల్వ్’లలోని ‘వీఈ’ స్థానంలో ఎఫ్ వస్తుంది. ‘ట్వెంటీ’ చివరి ‘వై’ పోయి ‘ఐఈ’ వస్తుంది. రోమను అంకెతో తరగతి రాసి దాని పక్కన మళ్లీ టీహెచ్ పెట్టే అలవాటు గోడల మీదా, గుర్తింపు కార్డుల మీదా కూడా కనిపిస్తున్నది. క్లాసు అని రాసి పక్కన రోమను అంకె ఒక్కటి వేస్తే సరిపోతుంది.

తేదీల విషయంలో ఇంకొక వెసులుబాటు ఉన్నది. మా గడ్చిరోలి జిల్లా ఏర్పడిన 1982 ఆగస్టు 26ను ఇంగ్లిషులో రాసేటప్పుడు 26 పక్కన ఏ తోకా పెట్టకపోయినా తప్పు కాదు. చదివేటప్పుడు మాత్రం ‘ట్వెంటీ సిక్స్త్’ అని చదవాలి. కనుక అనుమానం వచ్చినచోట ఆహ్వానపత్రికలు అచ్చు వేసేవారు తోక మానివేయడమే క్షేమం.

నెలలో తేదీలు ముప్పై ఒకటికి మించవు. ఆ ముప్పై ఒక్క ఇంగ్లిషు మాటలనూ, పక్కన తెలుగు మాటనూ తమరి పత్రిక విద్యార్థుల పేజీలో ఒకసారి పట్టికగా వేయిస్తే, దానిని కత్తిరించి మా వీధి అచ్చు దుకాణం గోడకు నేనే అతికించి వస్తాను.

భవదీయుడు,
విశ్రాంత ఉపాధ్యాయుడు,
సిరోంచ, గడ్చిరోలి జిల్లా, మహారాష్ట్ర