ఆడవాళ్ల నొప్పిని నమ్మడమూ నేర్పాలి

సంపాదకులకు,

మా చెల్లెలు నెలనెలా కడుపునొప్పితో మెలికలు తిరుగుతుంటే, ఓపీలో డాక్టరు తలెత్తకుండానే "టెన్షన్ తగ్గించుకోమ్మా, పెళ్లయితే అదే పోతుంది" అని గ్యాస్ మాత్రలు రాసిచ్చారు. అది ఎండోమెట్రియోసిస్ (గర్భాశయం లోపలి పొరలాంటి కణజాలం గర్భాశయం బయట పెరిగే జబ్బు) అని ఏళ్ల తర్వాత లాపరోస్కోపీలో, అంటే పొట్టకు చిన్న గాటు పెట్టి కెమెరాతో లోపల చూసినప్పుడు, తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన పునరుత్పత్తి వయసు స్త్రీలలో సుమారు 10 శాతం మందికి ఉన్న జబ్బిది. స్కాన్ మామూలుగా వచ్చినంత మాత్రాన లేదనడానికి వీల్లేదు.

2019 నుంచి ఎంబీబీఎస్‌లో వైఖరి, నైతికత, సంభాషణలపై 'ఏట్‌కామ్' పాఠాలున్నాయి. ఆడవాళ్ల దీర్ఘకాలిక నొప్పిని "అంతా మనసులోదే" అని తోసేసే అలవాటును అక్కడే చర్చకు పెట్టాలి. పక్కనున్న భర్తనో అత్తనో కాకుండా ఆమెనే అడగడం ప్రాక్టికల్స్‌లో మార్కులు పెట్టి మరీ నేర్పాలి. హౌస్‌సర్జన్లు చూసి నేర్చుకునేది సీనియర్లనే కాబట్టి, ముందు క్లాసు తీసుకోవాల్సింది వాళ్లకేనేమో!

— ఒక పాఠకురాలు, హనుమకొండ